పనిలో దెబ్బ తగిలితే... కార్మికుని నష్టపరిహార హక్కు

కార్మిక శాసనాల పేపరులో "కార్మిక నష్టపరిహార చట్టము 3వ సెక్షనును సోదాహరణముగా వివరింపుము" అనే ప్రశ్న తరచుగా వస్తుంది. 2025లో నేనూ రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఆ జవాబు రాసేనాటికి మా పెదనాన్న ఎడమచెయ్యి పోయి రెండేళ్లు దాటింది. నేను పుస్తకంలో చదివిన సెక్షనుకూ, ఇంట్లో చూస్తున్న ఆ చేతికీ సంబంధం ఉందని నాకు తట్టనేలేదు.

ఈ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కాని ఈ వ్యాసం రాయడానికి కారణం అదే కాబట్టి దాచడంలో అర్థం లేదు. ఈ సంచిక చదివే మిత్రుల్లో చాలామందికి ఇంట్లోనో వీధిలోనో మిల్లులో, గనిలో, లారీ మీద, సెంట్రింగు మీద పనిచేసేవారు ఉంటారు. వారికి దెబ్బ తగిలిన మొదటి వారంలో చట్టం ఏం చెబుతుందో చెప్పగలిగిన మనిషి పక్కన ఉండడు. ఆ వారంలోనే సగం కేసులు పాడైపోతాయి.

మా పెదనాన్న కృష్ణా డెల్టాలో ఒక రైసుమిల్లులో పద్ధెనిమిదేళ్లు పనిచేశాడు. పేరుకు ఆపరేటరు. అవసరాన్ని బట్టి బస్తాలు మోయడం, తొట్టిలో ధాన్యం పోయడం, రాత్రి కాపలా అన్నీ ఆయనే. 2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, పుల్లీ మీదనుంచి జారిపోతున్న బెల్టును సర్దబోయి ఎడమచెయ్యి ఇరికించుకున్నాడు. మోటారు ఆపి సర్దాలని తెలియక కాదు. ఆపితే పని నిలిచిపోతుంది, బయట లారీ లోడు కోసం నిలబడి ఉంది. గుంటూరు తీసుకువెళ్లారు. మణికట్టుకు కాస్త పైన చెయ్యి తీసేశారు. అప్పటికి ఆయన వయసు 45, జీతం నెలకు 12,000 రూపాయలు.

ఓనరును దుర్మార్గుడని నేను అనను. ఆసుపత్రి బిల్లంతా ఆయనే కట్టాడు. డిశ్చార్జి అయిన పదిహేను రోజులకు పళ్లు పట్టుకుని గుమస్తాతో సహా ఇంటికి వచ్చాడు. 40,000 రూపాయలు పెద్దమ్మ చేతిలో పెట్టాడు. గుమస్తా ఒక కాగితం తీశాడు. "మా మిల్లులో పనిచేయుచుండగా నా అజాగ్రత్త వలన జరిగిన ప్రమాదమునకు గాను పూర్తి మొత్తము ముట్టినది, ఇకమీదట ఎట్టి క్లెయిము లేదు" అని రాసి ఉంది. మగవాళ్ల దగ్గర ఎడమ బొటనవేలి ముద్ర తీసుకోవడం మామూలు. అది లేదు కనుక కుడి బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. గుమస్తా జాగ్రత్తపరుడు. ముద్ర పక్కన "ఎడమ చేయి లేనందున" అని కూడా రాశాడు.

తప్పెవరిది అన్న ప్రశ్న

తర్వాత ఎప్పుడో నేను ఈ సంగతి ఎత్తితే పెదనాన్న అన్న మొదటి మాట "తప్పు నాదే గదరా అబ్బాయ్" అని. ఈ మాటకు చాలా చరిత్ర ఉంది.

1837లో ఇంగ్లండులో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రవాడు బండి మీద సరుకుతో వెళుతున్నాడు. బరువు ఎక్కువై బండి విరిగింది, అతని తొడ ఎముక విరిగింది. జ్యూరీ అతనికి నూరు పౌనులు ఇప్పించింది. పై న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. బండి సంగతి యజమానికి ఎంత తెలుసో పనివాడికీ అంతే తెలుసు, భయమైతే ఎక్కకుండా ఉండవలసింది అని ఆ తీర్పు సారాంశం. ప్రీస్ట్లీ-ఫౌలర్ కేసుగా మనం చదివేది ఇదే. ఈ దారిలోనే యజమానులకు మూడు సమాధానాలు దొరికాయి. దెబ్బ తోటి పనివాడి తప్పువల్ల తగిలింది గనుక నాకు సంబంధం లేదు. ప్రమాదముందని తెలిసే పనిలో చేరావు. నీ అజాగ్రత్త కూడా ఉంది. ఈ మూడింటినీ దాటి కోర్టులో గెలిచే కూలీ ఎక్కడో ఒకడు.

జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టం చేసింది. బ్రిటన్ 1897లో నష్టపరిహార చట్టం చేసింది. మన దేశంలో 1923లో 8వ చట్టంగా వచ్చి 1924 జులై 1 నుంచి అమలయింది. 2009 సవరణతో "వర్క్‌మన్" అన్న మాట పోయి "ఎంప్లాయీ" అన్న మాట వచ్చింది, గుమస్తా పనులవారికీ అది వర్తించింది. అంతకుముందే 2000లో, క్యాజువల్ కూలీలకు వర్తించదన్న మినహాయింపును తీసేశారు. ఇది గుర్తు పెట్టుకోవలసిన సవరణ. "అతను పర్మనెంటు కాదండీ, అప్పుడప్పుడు వచ్చేవాడు" అన్న జవాబు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. దానికి చట్టంలో చోటు పోయి పాతికేళ్లయింది.

1923 చట్టం చేసిన అసలు పని ప్రశ్నను మార్చడం. తప్పు ఎవరిది అని అది అడగదు. ప్రమాదం ఉద్యోగంవల్ల, ఉద్యోగ క్రమంలో జరిగిందా అని అడుగుతుంది. జరిగితే యజమాని చెల్లించాలి. యజమాని మంచివాడైనా, యంత్రం కొత్తదైనా, పనివాడు పరధ్యానంగా ఉన్నా సరే. వ్యాపారం జరిగేటప్పుడు మనుషులకు దెబ్బలు తగులుతాయి. కరెంటు బిల్లు లాగే ఆ ఖర్చూ వ్యాపారం లెక్కలోకే రావాలన్నది ఆలోచన.

మినహాయింపులు లేకపోలేదు. మూడు రోజులకు మించి పని పోగొట్టని చిన్న గాయాలకు పరిహారం లేదు. తాగిన మత్తు, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆజ్ఞను బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం, రక్షణగా బిగించిన పరికరాన్ని బుద్ధిపూర్వకంగా తొలగించడం - వీటివల్ల నేరుగా జరిగితే యజమాని తప్పించుకోవచ్చు. అయితే మనిషి చనిపోయినా, పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైనా ఈ మూడు సాకులు కూడా చెల్లవు. విద్యార్థులు పరీక్షలో ఎక్కువగా మరిచిపోయేది ఈ చివరి ముక్కే.

"బుద్ధిపూర్వకంగా" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అజాగ్రత్త వేరు, ధిక్కారం వేరు. బయట లారీ ఉందన్న తొందరలో తిరిగే బెల్టు మీద చెయ్యి వేయడం అజాగ్రత్త. అది కూడా యజమాని పని త్వరగా కావాలన్న అజాగ్రత్త. కాబట్టి మా పెదనాన్న "తప్పు నాదే" అని నూరుసార్లు ఒప్పుకున్నా ఆయన హక్కుకు వచ్చే లోటు లేదు. ఈ ఒక్క వాక్యం ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. పూర్తిగా నమ్మాడని ఇప్పటికీ అనుకోను.

ఉద్యోగ క్రమం అంటే గేటు లోపలే అని కాదు. 1963లో సుప్రీంకోర్టు ముందుకు బొంబాయి బస్సు డ్రైవరు కేసు ఒకటి వచ్చింది. డ్యూటీ దిగి, తన సంస్థదే అయిన మరో బస్సులో ఇంటికి పోతుండగా ఆ బస్సు లారీని గుద్దుకుని ఆయన చనిపోయాడు. ఆ ప్రయాణం కూడా ఉద్యోగంలో భాగమేనని కోర్టు నిర్ణయించింది. 2025 జులై 29 నాటి తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు తెల్లవారుజామున మూడు గంటల డ్యూటీకి మోటారు సైకిలు మీద వెళుతూ దారిలో ప్రమాదానికి గురై చనిపోయాడు. అది 2003 నాటి సంగతి. ఇంటికీ పనిచోటుకూ మధ్య జరిగిన ప్రమాదానికి, వేళకూ చోటుకూ పనితో సంబంధం తేలితే, 1923 చట్టం కింద కూడా పరిహారం ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుటుంబానికి ఆ మాట అందడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.

వేలికెంత, చేతికెంత

చట్టం చివర ఒక పట్టిక ఉంది. మొదటి షెడ్యూలు. మొదటిసారి చదివినప్పుడు నాకు అది కసాయి దుకాణం ధరల బోర్డులా కనిపించింది. రెండు చేతులూ పోతే 100 శాతం. ఒక చెయ్యి పోతే 60. బొటనవేలు 30. చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలు 12, ఉంగరంవేలైనా చిటికెనవేలైనా 7. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. ఈ శాతాలు శరీరంలో ఎంత పోయిందని చెప్పేవి కావు, సంపాదించే శక్తిలో ఎంత పోయిందని చెప్పేవి. ఈ తేడా తెలియక చాలామంది సదరం సర్టిఫికెట్ చూపించి ఊరుకుంటారు. పింఛనుకు ఆ సర్టిఫికెట్ చాలు. ఇక్కడ అడిగేది వేరు: ఈ మనిషి ఈ గాయంతో ఇకమీదట ఎంత సంపాదించలేడు?

దీనిమీద అందరూ చదవదగిన తీర్పు 1975 డిసెంబరు 4న వచ్చింది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు. కోరాపుట్ జిల్లా జయపురంలో ఒక సినిమా హాలులో నగిషీ పని చేస్తున్న వడ్రంగి 1968 జులైలో కిందపడ్డాడు. ఎడమచెయ్యి మోచేతికి పైన తీసేశారు. పట్టిక ప్రకారం అది పాక్షిక వైకల్యమే కదా, అంతవరకే ఇస్తామని యజమాని వాదన. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు గనుక అతని సంపాదన శక్తి మొత్తం పోయిందని కమిషనరు లెక్కగట్టాడు. సుప్రీంకోర్టు కమిషనరునే సమర్థించింది. పరిహారం బాకీపడేది కమిషనరు తీర్పిచ్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే అని కూడా ఆ తీర్పులోనే ఉంది. అంటే పట్టికలోని అంకె నేల, పైకప్పు కాదు. ఉలి పట్టే చెయ్యి, కలం పట్టే చెయ్యి ఒకటి కావు.

ఇక లెక్క. శాశ్వతంగా పూర్తి వైకల్యమైతే నెలజీతంలో 60 శాతాన్ని వయసును బట్టి నాలుగో షెడ్యూలులో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. మరణమైతే 50 శాతాన్ని. 30 ఏళ్లవాడికి గుణకం 207.98, 45 ఏళ్లకు 169.44. మా పెదనాన్న లెక్క ఇది: 12,000లో 60 శాతం 7,200. దాన్ని 169.44తో హెచ్చిస్తే 12,19,968. చెయ్యి పోయినందుకు పట్టికలో 60 శాతం గనుక 7,31,981 రూపాయలు. మిల్లు పనికి పూర్తిగా పనికిరాడని నిరూపిస్తే మొత్తం 12,19,968. బాకీపడిన నెలలోగా ఇవ్వకపోతే ఏటా 12 శాతం సాదా వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపినట్టు తేలితే అసలులో సగం దాకా జరిమానా. ఈ లెక్క మా ఇంట్లో క్యాలెండరు వెనక వేశాను. పెద్దమ్మ చదువుకోలేదు గాని లెక్క తెలిసిన మనిషి. "మరి నలభై వేలేందిరా" అంది. అంతే, ఇంకేం అనలేదు.

ఇక్కడే చట్టంలో ఉన్న పెద్ద అన్యాయాన్నీ చెప్పాలి. జీతం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునే దానికి ఒక పరిమితి ఉంది. 2000లో అది 4,000. 2010లో 8,000. 2020 జనవరి 3 నుంచి 15,000. పదేళ్లకొకసారి మేలుకుంటారన్నమాట. నెలకు 30,000 తెచ్చుకునే వెల్డరు చనిపోతే అతను పదిహేను వేలవాడిగానే లెక్కకెక్కుతాడు. అదే వెల్డరు రోడ్డు మీద లారీ కింద పడితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో అసలు జీతం మీదే లెక్క కడతారు. డ్రైవర్లు, క్లీనర్లు లాంటివారికి రెండు దారులూ తెరుచుకుని ఉంటే ఏదో ఒకదాన్నే ఎంచుకోవాలి. ఫ్యాక్టరీ లోపల చనిపోయినవాడికి ఆ ఎంపిక కూడా లేదు.

కాగితం సంగతి

ఇప్పుడు మళ్లీ ఆ కుడి బొటనవేలి ముద్ర దగ్గరకు వద్దాం. మా ఇంట్లో అందరూ ఆ కాగితంతో కథ అయిపోయిందనే అనుకున్నారు. నేను కూడా. చట్టం అలా అనుకోలేదు.

17వ సెక్షను ప్రకారం, పరిహార హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదు. చట్టం చేసినవారికి ఆ పళ్ల సంచీ, ఆ గుమస్తా ముందే కనిపించారేమో అనిపిస్తుంది. మంచం మీద ఉన్న మనిషికీ, డబ్బు చేతిలో ఉన్న మనిషికీ మధ్య బేరం బేరం కాదని అందరికంటే ముందు ఒప్పుకున్న శాసనాల్లో ఇది ఒకటి. నిజంగా రాజీ కుదిరితే 28వ సెక్షను ప్రకారం ఆ ఒప్పందాన్ని కమిషనరుకు పంపి రిజిస్టరు చేయించాలి. మొత్తం తక్కువని గాని, మోసమో ఒత్తిడో ఉందని గాని తోస్తే కమిషనరు నిరాకరించవచ్చు. పంపకపోతే ఏమవుతుంది? 29వ సెక్షను చెబుతుంది: యజమాని పూర్తి పరిహారం కట్టాల్సిందే. పైగా అంతకుముందు ఇచ్చిన దానిలో, కమిషనరు వేరే విధంగా చెబితే తప్ప, సగానికి మించి మినహాయించుకోకూడదు. అంటే ఆ 40,000లో 20,000 మాత్రమే తగ్గుతుంది. ఆసుపత్రికి కట్టిన డబ్బు పరిహారం కిందికి రానే రాదు.

మరణం జరిగినప్పుడు నియమం ఇంకా గట్టిది. డబ్బు కమిషనరు దగ్గరే డిపాజిట్ చేయాలి. మూడు నెలల జీతం వరకు ఇచ్చే అడ్వాన్సు తప్ప, నేరుగా వితంతువు చేతిలో ఎంత పెట్టినా చట్టం దృష్టిలో అది చెల్లింపు కాదు. మొదట ఇది మరీ చాదస్తంగా తోచింది నాకు. ఊరిలో మరిది, మామ, అప్పులవాళ్లు ఒక వితంతువు చుట్టూ చేరే తీరు తలచుకుంటే అలా అనిపించదు. కమిషనరు ఆమెకెంత, పిల్లలకెంత, తల్లికెంత అని పంచి, మైనర్ల వాటాను బ్యాంకులో వేయిస్తాడు.

ఎవరు కట్టాలి అన్న దానిలోనూ తప్పించుకునే దారులను చట్టం మూసింది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన ప్రధాన యజమాని, కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే తానే కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి, ఒడిశా నుంచి వలస వెళ్లినవారు. అలాంటి కుటుంబాలు చెన్నై చుట్టూ తిరగనక్కరలేదు. 1995 సవరణ తర్వాత, దరఖాస్తుదారు నివసించే ప్రాంతపు కమిషనరు దగ్గరే క్లెయిము వేయవచ్చు. మన రాష్ట్రాలలో ఈ అధికారం కార్మిక శాఖ అధికారులకే ఇచ్చారు. ఇటు మన దగ్గరికి వచ్చి పనిచేసే బీహారు, ఒడిశా కూలీల కుటుంబాలకూ ఇదే సౌకర్యం. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ పేలుడులో యాభైమందికి పైగా పోయారు. వారిలో ఎక్కువమంది బయటి రాష్ట్రాలవారే.

పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట, నెలకు 21,000 వరకు జీతం ఉన్నవారికి ఈ.ఎస్.ఐ. వర్తిస్తుంది. అది వర్తిస్తే యజమాని మీద 1923 చట్టం కింద క్లెయిము కుదరదు. ఈ.ఎస్.ఐ. ఒక విధంగా మెరుగు: వైద్యం ఉచితం, మంచాన ఉన్నన్నాళ్లు సగటు రోజుకూలిలో 90 శాతం, శాశ్వత వైకల్యానికి జీవితాంతం నెలనెలా, చనిపోతే ఆధారపడినవారికి పింఛను. ఒక్కసారిగా చేతికొచ్చి మూడు పెళ్లిళ్లకు కరిగిపోయే మొత్తం కంటే నెలనెలా వచ్చేదే మేలని నా అభిప్రాయం. యజమాని చందా ఎగ్గొట్టడం వల్ల లబ్ధి తగ్గే పరిస్థితి వస్తే, కార్పొరేషను తాను చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు కూడా ఉంది. మా పెదనాన్న మిల్లుకు ఈ.ఎస్.ఐ. లేదు. రిజిస్టరులో ఎనిమిది పేర్లే ఉన్నాయి. సీజనులో అక్కడ ఎంతమంది అన్నం తింటారో ఊరందరికీ తెలుసు.

రోగాల సంగతి ఒక్క ముక్క. పని తెచ్చిన రోగం కూడా చట్టం దృష్టిలో ప్రమాదమే. గూడూరు అభ్రకం గనుల్లో, మార్కాపురం పలకల పనిలో దుమ్ము పీల్చినవారి ఊపిరితిత్తులకు పట్టే సిలికోసిస్ మూడో షెడ్యూలులో ఉంది. అయితే దగ్గుకు తేదీ ఉండదు, సాక్షులుండరు. దాని గురించి విడిగా రాయవలసినంత ఉంది.

2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి రావడంతో 1923 చట్టమూ, 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టమూ అందులో కలిసిపోయాయి. నేను పైన చెప్పిన సెక్షన్ల నంబర్లు పాతవి. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు అవే వర్తిస్తాయి. కొత్త కోడ్‌లో నంబర్లు మారాయి, కమిషనరు స్థానంలో "కాంపిటెంట్ అథారిటీ" అన్న పేరు వచ్చింది, ఇంటికీ పనికీ మధ్య జరిగే ప్రమాదాన్ని నేరుగా చట్టంలోనే చేర్చారు. తప్పుతో నిమిత్తం లేని బాధ్యత, 50-60 శాతాల లెక్క, అవయవాల పట్టిక మాత్రం అలాగే కొనసాగుతున్నాయి.

మనం చేయగలిగేది

ఈ కేసులకు పెద్ద వకీలు అక్కరలేదు. 24వ సెక్షను కార్మికుని తరఫున న్యాయవాది గాని, రిజిస్టరైన యూనియను ప్రతినిధి గాని, కమిషనరు అనుమతిస్తే మరెవరైనా గాని హాజరుకావచ్చునని చెప్పింది. మరెవరైనా అంటే లా చదివే మనం కూడా. లీగల్ సర్వీసెస్ అథారిటీ చట్టం కింద మహిళలకు, వైకల్యం గలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది.

ఆ మొదటి వారంలో కావలసినవి ఎక్కువేం కాదు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు "పనిలో జరిగింది" అన్న మాట కేస్ షీటులో రాయించాలి. "ఇంటి దగ్గర జారిపడ్డాడు" అని రాయిస్తే బిల్లు కడతామనేవారు ఉంటారు. ఆ ఒక్క పంక్తిని తర్వాత చెరపడం చాలా కష్టం. జీతం చీటీ, బ్యాంకు పాసుబుక్కులో పడిన జీతం, మస్టరులో పేరు, ఏదీ లేకపోతే పక్కన పనిచేసినవారి పేర్లు రాసి పెట్టుకోవాలి. వీలైనంత త్వరగా యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టమంటే పెట్టినా మునిగిపోయేది లేదు గాని, దాని ఫొటో ఒకటి తీసుకోవాలి. ఎందుకో చెబుతాను.

క్లెయిముకు గడువు రెండేళ్లు. మాకు అది 2025 జనవరితో దాటిపోయింది. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనరుకు ఉంది కాబట్టి, 2025 జులైలో ఆలస్య మన్నింపు పిటిషనుతో కలిపి దరఖాస్తు వేశాం. మిల్లు తరఫున వచ్చిన కౌంటరులో రెండు మాటలున్నాయి. ఒకటి, ఆయన మా ఉద్యోగే కాడు. రెండు, పూర్తి మొత్తం ముట్టినట్టు రాసిచ్చాడు. రెండోదానికి రుజువుగా వాళ్లే ఆ కాగితం దాఖలు చేశారు. అందులో మొదటి మాటే "మా మిల్లులో పనిచేయుచుండగా" అని. ఉద్యోగి అనడానికీ, పనిలో జరిగిందనడానికీ, ఏ చెయ్యి పోయిందో చెప్పడానికీ ఇంతకంటే మంచి సాక్ష్యం మా దగ్గర లేదు. ఆ గుమస్తా జాగ్రత్త మాకు పనికొచ్చింది.

కేసు ఇంకా నడుస్తోంది. 60 శాతం మాట ఎలా ఉన్నా, 100 శాతానికి వాదించాలన్నది మా ఆలోచన. ఒంటిచేత్తో బస్తా లేవదు, బెల్టు మార్చడం కుదరదు. అయితే కిందటి ఏడాది నుంచి పెదనాన్న ఊరి బయట చేపల చెరువు దగ్గర రాత్రి కాపలాకు పోతున్నాడు. నెలకు 6,000. అవతలి పక్షం వారికి ఈ సంగతి తెలిస్తే "సంపాదన శక్తి ఉంది కదా" అంటారు. క్రాస్ ఎగ్జామినేషనులో అడిగితే ఆయన అబద్ధం చెప్పడు, చెప్పమని నేనూ అడగను. కేసు తేలేదాకా ఆ పని మానుకోమందామంటే ఇంట్లో బియ్యం వచ్చేది ఆ ఆరువేలతోనే.